బల్లార్షాల మా కోసం ఆగిన బండి

నాచారం చౌరస్తా

వడసా అనే ఊరికి మా గల్లీల మేం తప్ప ఎవ్వరూ పోలేదు. పోవాల్సిన పని గూడ ఎవ్వరికీ లేదు. సూసేటందుకు పెద్ద గుడి లేదు, జలపాతం లేదు. మహారాష్ట్రల గడ్చిరోలి దిక్కు ఉంటది. ఎటు సూసినా వరి పొలాలు, బియ్యం మిల్లులు. మా ఆడిబిడ్డ పద్మ మొగుడు ఆడ ఒక మిల్లుల పనిజేస్తడు. ఈ ఎండకాలం వాళ్లు సొంతిల్లు కట్టుకున్నరు. గృహప్రవేశం నాడు పుట్టినింటోళ్లు పెట్టిన చీర గట్టుకొని ఆడపిల్ల పీటల మీద కూసోవాలె. ఆమె ఒడిల పుట్టినింటి బియ్యం పడాలె. మా అత్తమామలు లేరు. పద్మకు పుట్టినిల్లంటె ఇప్పుడు మా ఆయన, నేను, అంతే. మేం పోకపోతె అత్తగారి సుట్టాలందరి ముందల ఆ పిల్ల ఖాళీ ఒడితోని కూసోవాలె.

"బియ్యం మిల్లుల ఊరికి బియ్యం మూట మోసుకపోవుడు ఏందే?" అని మా ఆయన నవ్విండు.

"మిల్లు బియ్యం కొనుక్కుంటరు. ఒడి బియ్యం ఎవడన్న కొనుక్కుంటడా?" అన్న.

చీర ఏఎస్ రావు నగర్ల తీసుకున్నం. కుడుకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు ఉప్పల్ల కొన్న. కుడుకల రేటు ఇన్నంక నాకు కండ్లు తిరిగినయ్, కని ఒడి బియ్యం కాడ బేరమాడొద్దని నోరు మూసుకున్న. బియ్యానికి పసుపు, నూనె పట్టించి కొత్త బట్టల మూట గట్టిన. మా అత్త ఉన్నప్పుడు ఒక మాట అనేది, ఒడి బియ్యం మూట గట్టినంక నేల మీద పెట్టొద్దని. పోసేదాక ఎవరో ఒకరి ఒడిల ఉండాలెనట. వేరేవాళ్ల ఇండ్లల్ల ఈ పట్టింపు ఉన్నదో లేదో నాకు తెల్వదు, మా ఇంట్ల ఉన్నది. దాని బాధ మోసినోళ్లకు ఎరుక.

వడసాకు నేరుగ రైలు లేదు. బల్లార్షాల దిగి గోందియా పోయే ప్యాసింజర్ ఎక్కాలె. మా ఆయన నాచారంల ఒక ఫ్యాక్టరీల షిఫ్టు చార్టులు వేసే మనిషి, గంటలతోనే సంసారం జేస్తడు. రాత్రి బండికి పోదామన్నడు. తెల్లారంగ బల్లార్షాల దిగి, మధ్యాహ్నం ప్యాసింజర్ దాక ఆడనే కూసుందామన్నడు. నాకు ఒళ్లు మండింది. మూట కింద పెట్టకుంట పూట పూటంత ప్లాట్‌ఫారం మీద కూసునేది నేను గదా! పొద్దున బండికి పోదామన్న. దిగుడు, ఒక చాయ తాగుడు, ఎదురు బండి ఎక్కుడు.

"నడుమ సందు లేదే. షిఫ్టుకు షిఫ్టుకు నడుమ జర సందు ఉండాలె. రిలీవర్ లేటయితె మెషీన్ కాడున్నోడు సస్తడు" అన్నడు.

"రైలుకు రిలీవరేంది, మంచిగ నోరు మూసుకొని టికెట్ తియ్యి" అన్న. ఇప్పటికీ నా లెక్క తప్పని నేను ఒప్పుకోను.

బయలెల్లిన నాడు పొద్దున్నే నాచారం చౌరస్తాల షేర్ ఆటో ఎక్కినం. ఆటో నిండింది కని డ్రైవర్ కదలడు. "ఒక్క సవారి అక్కా, ఒక్కటే" అంటడు. అటు దిక్కు నుంచి ఒకాయన చేతుల టిఫిన్ డబ్బా ఊపుకుంట పెండ్లి నడకతోని వస్తుండు. ఆయన కోసమే ఆపిండు!

"ఏందన్నా, ఒక్కని కోసం ఇంతమందిని ఎండబెడ్తవా? నా రైలు పోతె నువ్వు తీస్కపోతవా వడసాకు?" అని మొత్తుకున్న. అందరూ నా దిక్కే సూసిన్రు. ఆ డబ్బా ఆయన "సారీ అమ్మా" అనుకుంట ఎక్కిండు. నేను మొకం అటు తిప్పుకున్న.

చర్లపల్లిల పెద్ద స్టేషన్ కట్టినంక మా దిక్కోళ్లకు సికింద్రాబాద్ పోయే తిప్పలు తప్పినయ్. రైలు టైముకే వచ్చింది. మా ఆయన దిక్కు గర్వంగ సూసిన.

కాగజ్‌నగర్ కాడ

కాజీపేట దాటేదాక నేను రాణిని. మూట ఒడిల పెట్టుకొని కిటికీ కాడ కూసున్న. పులిహోర తిన్నం. మంచిర్యాల దాటినంక అడివి మొదలయింది. ఎండకు ఆకు రాలి చెట్లు బోడిగున్నయ్.

కాగజ్‌నగర్ల తునికి పండ్లు అమ్మేటామె వచ్చింది. ఆకు దొప్పలల్ల పోసి ఇరవై రూపాయలకు ఇచ్చింది. సపోటా లెక్కనే తియ్యగుంటయ్, గింజలు పెద్దయి. మా ఉప్పల్ల తునికాకు బీడీలే తెలుసు కని పండు ఎవరూ తినరు. రెండో దొప్ప కొందామని పిలిచేటాల్లకు చల్లబడ్డది. మబ్బు కమ్మింది, గాలిదుమారం లేసింది. కండ్ల నిండ దుమ్ము. కిటికీలు దించుకున్నం. జరసేపటికి బండి స్టేషన్ దాటి అడివిల ఆగింది. ముందల పట్టాల మీద చెట్టు పడ్డదట.

ఆగింది ఆగినట్టే ఉన్నది. మా ఆయన గడియారం సూసుకుంటడు, నా దిక్కు సూస్తడు. ఒక్క మాట అనడు. అంటె బాగుండు, కొట్లాడుకుందుము. పద్మ ఫోన్ చేసింది.

"వదినా, యాడున్నరు?"

"వస్తున్నం బిడ్డా. గాలివాన, జర లేటు."

"మా అత్త అడుగుతుంది, మీవోళ్లు బయలెల్లిన్రా అని." ఆ గొంతుల భయం నాకు ఇనబడ్డది.

ప్యాసింజర్ పోతె ఇగ పొద్దుగాలనే బండి. అది చేరేటాల్లకు ముహూర్తం దాటిపోతది. జీపులేమన్న దొరుకుతయా అని పద్మ మొగుని అడిగినం. పెండ్లిళ్ల సీజన్ బావా, ఒక్కటి ఖాళీ లేదు అన్నడు. చీర మా సంచిల ఉన్నది, బియ్యం నా ఒడిల ఉన్నయ్, పిల్లేమో ఆడున్నది.

అప్పుడు టీటీ వచ్చిండు. మా ఆయన లేసి దండం పెట్టి అడిగిండు, ప్యాసింజర్‌ను జర ఆపుతరా సార్ అని.

"ఇద్దరి కోసం ఆపరు. మస్తుమంది ఉంటె చెప్పి సూస్త. గ్యారంటీ లేదు" అన్నడు టీటీ.

నెత్తి దించుకొని ఫ్యాక్టరీకి పోయి వచ్చే మనిషి గదా మా ఆయన! ఆ రోజు డబ్బా డబ్బా తిరిగిండు. "గోందియా లైన్ ఎవరన్న ఉన్నరా?" అని కూరగాయల బండోని లెక్క ఒర్రిండు. చానమందే ఎల్లిన్రు. టీటీ ఫోన్‌ల చెప్పిండు. చెట్టు తీసిన్రు, బండి కదిలింది. నేను మూట మీద చెయ్యి పెట్టి ఎల్లమ్మకు మొక్కుకున్న.

బల్లార్షా పుల్లు

బల్లార్షా గురించి చెప్పుమంటె నాకు మెట్లే యాదికొస్తయ్. ప్యాసింజర్ అవతలి ప్లాట్‌ఫారం మీద ఉన్నది. ఆగే ఉన్నది! మా ఆయన రెండు సంచులు పట్టుకొని ఉరికిండు. మిగిలినోళ్లందరు ఉరికిన్రు. నేను మూట సంకకెత్తుకొని పట్టాల మీది పుల్లు మెట్లు ఎక్కిన. మోకాళ్లు కదలయ్. ఒక్క నిమిషం మూట మెట్టు మీద పెడితె ఊపిరి తీసుకుందును. అత్త మాట అడ్డమొచ్చింది.

పైకెక్కి కిందికి సూసిన. ఎక్కాల్సినోళ్లందరు ఎక్కిన్రు. మా ఆయన తలుపు కాడ నిలవడి "రా, రా" అంటుండు. గార్డు సీటీ కొట్టి పచ్చ జెండా లేపిండు. ఇగ అయిపోయిందనుకున్న. గప్పుడు ఎనక డబ్బా తలుపుల నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. మోచేతి దాక ఆకుపచ్చ గాజులు. గార్డు దిక్కు ఊపుతున్నది. "రుకో భయ్యా! ఔరత్ ఆ రహీ హై! రుకో!" అని గొంతు చించుకుంటున్నది. గార్డు జెండా దించిండు.

ఆ డబ్బానే ఎక్కిన. ఆ గాజుల చెయ్యే నన్ను లోపలికి గుంజింది. నడీడు మనిషి, నుదుటి నిండ బొట్టు. తన సంచి కిందికి జరిపి జాగ ఇచ్చింది. "బైఠో" అన్నది. కూసున్న.

మా ఆయన ఆ డబ్బా నుంచి ఈ డబ్బాకు ఎట్లనో వచ్చిండు. చెమటలు గారుతున్నయ్ కని మొకం ఎలిగిపోతుంది. "నేనే ఆపించిన బండిని! ఈ షిఫ్టుకు ఆపరేటర్‌ను నేనే!" అని డబ్బా మొత్తం ఇనబడేటట్టు అన్నడు. ఒకరిద్దరు గుర్రుగ సూసిన్రు. మేం పట్టించుకోలె. పద్మకు ఫోన్ చేసి "ఎక్కినం" అని చెప్పిన. అవతల పిల్ల ఏడ్సింది, ఇవతల నేను ఏడ్సిన.

వడసా తొవ్వల

"మీది హైదరాబాదా?" అన్నది గాజులామె. తెలుగుల!

పేరు సుమిత్రట. ఛత్తీస్‌గఢ్ మనిషి. అన్నోజిగూడల ఒక ఆడపిల్లల హాస్టల్ల వంట చేస్తది. మా ఇంటికి ఎంత దూరమని! ఇద్దరం చెంగిచెర్ల మీదికెళ్లే పోతం, వస్తం, ఒక్కనాడు కలవలె. ఈడ ఈ అడివిల కలిసినం.

గోధుమపిండి, బెల్లంతోని చేసిన ఖుర్మీలు పెట్టింది. నేను మిగిలిన పులిహోర ఇచ్చిన. ఒడిల మూట ఏందని అడిగితె చెప్పిన. సంబరపడ్డది. "మా దిక్కు గూడ గిట్లనే ఉంటది అక్కా. మా అన్న బిడ్డ పెండ్లి. ఇయ్యాల రాత్రి పసుపు. ముందల మేనత్తే పెట్టాలె. నేనే మేనత్తను" అన్నది. వాళ్లల్ల మేనత్త చెయ్యి పడందే పిల్లకు పసుపు ఎక్కదట. మా ఒడి బియ్యం లెక్కనే గదా అని ఇద్దరం నవ్వుకున్నం.

"నువ్వు గూడ మా బండిలనే వచ్చినవా?" అని మా ఆయన అడిగిండు.

"లేదు అన్నా. నిన్న రాత్రి బండి. తెల్లారక ముందే బల్లార్షాల దిగిన. బండి తప్పిపోతదేమో అని భయం. పొద్దటి సంది ఆడనే కూసున్న" అన్నది.

"గోందియాల దిగి ఏ బండి?"

చెప్పింది. వాళ్ల చిన్న స్టేషన్ల ఆగేది సాయంత్రం లోకల్ ఒక్కటే. మా ఆయన గడియారం సూసిండు. కిటికీల నుంచి బయటికి సూసిండు. మల్ల గడియారం సూసిండు. ఏందని నేను గిచ్చిన. చెవుల చెప్పిండు.

"మన కోసం ఈ బండి ఆగినంత సేపు ఆమె సందు మొత్తం తినేసినం. ఆమె లోకల్ ఇగ పోయినట్టే."

నాకు తలకాయ కొట్టేసినట్టయింది. రాత్రంత ప్రయాణం జేసి, పొద్దటి సంది ప్లాట్‌ఫారం మీద కూసున్న జాగ్రత్త మనిషి ఆమె. నా లెక్క సందు లేకుంట వచ్చి ఉరికినామె కాదు. నేను వద్దన్న కష్టమంత ఆమె పడ్డది, పడి గూడ ఆమెనే నష్టపోయింది. అత్త సొమ్ము అల్లుని దానం లెక్క, ఆమె టైముతోని మేం గొప్పలు పోయినం.

గోందియాల ఆ లోకల్‌ను ఆపుమని మా ఆయన హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసిండు. మర్యాదగనే చెప్పిన్రు, కాదని. గార్డును అడిగిండు. "ఒక్కరి కోసం గాదు అన్నా. దాని ఎనక ఇంకా బండ్లు ఉంటయి" అన్నడట. నిజమే గదా. మా కోసం ఆపినోళ్లనేమో దేవుళ్లనుకుంటిమి, ఆమె కోసం ఆపనోళ్లను ఏమని తిడ్తం?

ఇగ దాచిపెట్టుడు నాతోని గాలె.

"సుమిత్రా, మా వల్లనే నీ బండి పోయింది."

"తెలుసు అక్కా" అన్నది.

"ఎప్పటి సంది తెలుసు?"

"బల్లార్షాలనే. కూసొని ఎదురుసూసేదానికి టైము తెల్వదా?"

"మరి తెలిసి తెలిసి గార్డును ఎందుకు ఆపినవే? సీటీ గూడ కొట్టె!"

గాజులు సవరించుకున్నది. "అప్పటికి నా లోకల్ అందుతదో లేదో అన్నట్టు ఉండె. ఉరికితె దొరకొచ్చు అనుకున్న. గప్పుడు నువ్వు పుల్లు మీద కనబడ్డవ్. మూట కింద పెట్టకుంట ఉరుకుతున్నవ్. కింద పెట్టని మూటంటె ఎవరి శుభానికో పోతున్నదని సమజ్ అయింది. ఇగ చెయ్యి ఊకుంటదా?" అన్నది.

నాకు ఏడుపు ఆగలె. ఆమెనే నా ఈపు నిమిరింది. సూడుండ్రి తమాష, బండి పోయినామె నన్ను ఓదార్సుడు!

వడసాల దిగేటప్పుడు పసుపు కొమ్ములు ఒక గుప్పెడు తీసి ఆమె కొంగుల కట్టిన. "ఉప్పల్ల కొన్నయి. పిల్లకు ఇవి నూరి పెట్టు" అన్న. మా ఆయన ఫోన్ నంబర్ రాసుకున్నడు. బండి కదిలినంక గూడ ఆ ఆకుపచ్చ చెయ్యి కనబడ్డది. ఈసారి మా దిక్కు ఊపుతున్నది.

వడసా

ఊరు మంచిగున్నది. ధూళి, వడ్ల వాసన, సైకిళ్లు. ఆడ సాంబార్ అంటె కొత్తిమీర. కూరగాయలామె నాకు కట్ట చేతుల పెట్టేదాక నేను నమ్మలె. పెసరపప్పు నానబోసి చేసిన వడలు, జొన్నరొట్టె, ఎర్ర కారం. మన కారమే కారం అనుకుంటం గని, వాళ్లది తిన్నంక నేను రెండు చెంబుల నీళ్లు తాగిన. పద్మ అత్త మొదట మొకం గంటు పెట్టుకున్నది. చీర జూసినంక మెత్తబడ్డది.

తెల్లారంగ ముహూర్తం. అయ్యగారికి పక్క ఊర్ల ఇంకో గృహప్రవేశం ఉన్నదట, మంత్రాలు ఎక్స్‌ప్రెస్ లెక్క ఉరికిస్తుండు. మా ఆయన నా దిక్కు జూసి "ఈయనకు గూడ సందు లేదు" అని గొణిగిండు. పద్మ మా చీర గట్టుకొని పీటల మీద కూసున్నది. ఒడి పట్టింది. మూట ఇప్పిన. దోసిలితోని బియ్యం పోస్తుంటె ఆ పిల్ల మొకం దీపం లెక్క ఉన్నది. నా మనసు మాత్రం గోందియాలనే ఉన్నది. ఆమె చేరిందో లేదో. రాత్రి ఫోన్ కలవలె.

వ్రతం అయ్యి ప్రసాదం పంచేటప్పుడు ఫోన్ మోగింది. సుమిత్ర!

"అక్కా, చేరిన."

పెద్ద బండి జనరల్ డబ్బాల ఎక్కి డోంగర్‌గఢ్‌ల దిగిందట. అన్న మోటార్ సైకిల్ మీద వచ్చి తీస్కపోయిండట. పసుపు ఆపిన్రా అని అడిగిన.

"గిన్నె మీద బట్ట కప్పి అందరు కూసున్నరు అక్కా. సుట్టాలు తిట్టిన్రు. పిల్ల కూసున్నకాడనే నిద్రపోయింది. నేను పోయి లేపి పెట్టిన. మీ ఉప్పల్ పసుపే" అన్నది.

గోడకు ఆనుకొని ఎక్కెక్కి ఏడ్సిన. పద్మ నిండిన ఒడి పట్టుకొని నా దిక్కు వచ్చింది.

"వదినా, ఒడి నాది, ఏడుపు నీదా?" అని నవ్వింది.

వాపస్

వచ్చేటప్పుడు టికెట్లు మా ఆయన ఇష్టం. నేను నోరు తెరవలె. బల్లార్షాల పూట మొత్తం కూసున్నం. తర్రీ అనే కారం రసం పోసిన అటుకులు తిన్నం, ఇరవై ఐదు రూపాయలు, నాలుక మండింది. బెంచీ మీద ఎండ జరిగినకొద్ది మేం జరిగినం. ఆ బెంచీల మీదనే ఏదో ఒకదాని మీద సుమిత్ర కూసొని ఉంటది. పద్మ పుట్టినింటికని తిరిగి పెట్టిన ఐదు పిడికిళ్ల బియ్యం నా ఒడిల ఉన్నయ్. అత్త మాట వీటికి వర్తిస్తదో లేదో తెల్వదు. నేనయితె కింద పెట్టలె.

చర్లపల్లిల దిగేటాల్లకు సాయంత్రమయింది. ఉప్పల్ పోయే షేర్ ఆటో నిండ మనుషులు, ఒక్క జాగనే ఖాళీ. నా పక్కన నెరిసిన మీసాలాయన, ఒడిల పెద్ద బ్యాగు. ఉప్పల్ల వరంగల్ బస్సు పట్టుకోవాలెనట. ఎక్కిన కాడి నుంచి ఫోన్‌ల టైమే సూస్తుండు. "పోనియ్యి తమ్మీ, బస్సు పోతది" అన్నడు. డ్రైవర్ బండి స్టార్ట్ చేసిండు.

గప్పుడు కనబడ్డది. స్టేషన్ దిక్కు నుంచి ఒకామె నెత్తి మీద సంచితోని ఉరుకుతున్నది. అంత దూరంల ఉన్నది. ఆటో కదిలింది.

నా చెయ్యి బయటికి ఎప్పుడు పోయిందో నాకే తెల్వదు. "ఆగు అన్నా! ఆడమనిషి వస్తుంది, ఆగు!" అని ఒర్రిన. డ్రైవర్ బ్రేక్ ఏసిండు. ఎనక సీట్లోళ్లు సణిగిన్రు. మా ఆయన నా దిక్కు సూసిండు, నవ్వలె.

నేను మీసాలాయన దిక్కు సూసిన. బస్సు పోయేది ఆయనది. ఆయన ఆమె దిక్కు సూసిండు, ఫోన్ దిక్కు సూసిండు. ఫోన్ జేబుల పెట్టుకున్నడు. బ్యాగు గుండెకు దగ్గరికి గుంజుకొని జరిగిండు.

ఆమె ఎక్కింది. రొప్పుకుంట నా చెయ్యి పట్టుకున్నది.

"నా కోసం నువ్వే ఆపినవా అక్కా? నీ కడుపు సల్లగుండ."

"నేను చెయ్యి ఊపిన, గంతే" అని మీసాలాయనను సూపించిన. "ఆపింది ఆయన."